బండ కిందినుంచే పగులుతుంది: పాటియోకు సహజశిలా, పేవర్లా?

మా ఇంటి వెనుక పరిచిన గ్రానైట్ పలకల్లో ఒకటి నడిమికి రెండుగా చీలినప్పుడు దాన్ని గునపంతో పైకి లేపి చూశాం. అడుగున నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు సిమెంటు ముద్దలు పిడకల్లా అంటుకొని ఉన్నాయి. వాటి నడుమ జాగా అంతా బోలు. ఆ బోలులో చీమలు మెత్తటి మట్టిని తోడి పోసుకున్నాయి, వాన నీరు నిలిచి ఇంకిన చోట వలయాలు వలయాలుగా మరకలు మిగిలాయి. పలక పై ముఖాన వెంట్రుకవాసిలో కనిపించిన పగులు అడుగు ముఖాన గోరు దూరేంత వెడల్పుగా ఉంది. అంతకుముందు రోజు వరకూ నేను రాయినే తిట్టుకున్నాను, పేవర్లు, అంటే కాంక్రీటుతోనో కాల్చిన మట్టితోనో చేసిన చిన్న దిమ్మెలు, వేయించుకొని ఉంటే ఈ బాధ ఉండేది కాదనుకున్నాను. లేపి చూశాక రాయిని తప్పుపట్టడానికి నోరు రాలేదు. ఐదు ముద్దల మీద నిలబెడితే అది నేల అనిపించుకోదు, బల్ల అనిపించుకుంటుంది. అంత పలచని బల్ల మీద బరువైన కుర్చీలు లాగితే ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇంటిని ఆనుకొని ఆరుబయట కూర్చోవడానికి, తిరగడానికి గట్టిగా పరుచుకొనే చోటునే పాటియో అంటున్నాం. దానికి సహజశిల మంచిదా, పేవర్లు మంచివా అన్న చర్చ ఎక్కువగా రంగు, అందం, ఖర్చు అనే మూడింటి చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోతుంది. వాటికీ విలువ ఉంది, కానీ ఆ మూడూ తేలకముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: మన కాళ్ల కింది నేల కదిలితే పైన పరిచినది ఏం చేయాలి? దానితో పాటు కదిలి, మళ్లీ సర్దుకోవాలా, లేక కదలకుండా బిగబట్టి నిలవాలా? మొదటి పద్ధతిలో పరిచినదాన్ని సడలు నేల అనీ, రెండో పద్ధతిలో పరిచినదాన్ని బిగువు నేల అనీ ఈ వ్యాసం వరకు పిలుచుకుందాం. పేవర్లు దాదాపు ఎప్పుడూ సడలు నేలగానే వేస్తారు. పలచని రాతి పలకలను కాంక్రీటు మీద సిమెంటుతో అతికించి బిగువు నేలగా వేస్తారు. మనం రాయికీ పేవర్‌కూ అంటగట్టే గుణదోషాల్లో సగానికి పైగా నిజానికి ఈ రెండు పద్ధతులవే.

పేవర్ ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. కాంక్రీటు పేవర్‌ను మనం స్లాబుకు పోసే జారుడు కాంక్రీటుతో చేయరు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేంత తడి మాత్రమే ఉన్న మిశ్రమాన్ని అచ్చులో పోసి, కంపనంతో పాటు బలంగా అదిమి, వెంటనే అచ్చు తీసేస్తారు. అందుకే దానిలో గాలి ఖాళీలు తక్కువగా ఉండి, మామూలు కాంక్రీటు కన్నా దిట్టంగా తయారవుతుంది. అమెరికాలోని ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం పేవర్లకు పెట్టిన సీ936 ప్రమాణం ప్రకారం సగటు సంపీడన బలం, అంటే నొక్కుడును తట్టుకొనే బలం, కనీసం 55 మెగాపాస్కల్స్ ఉండాలి, పీల్చుకొనే నీరు సగటున 5 శాతానికి మించకూడదు. చిన్నదిగా, మందంగా ఉండటం పేవర్‌కు మరో బలం. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 60 మందం ఉన్న దిమ్మె వంగి విరగాలంటే చాలా కష్టం. బరువు మోయడానికి అది ఒంటరిగా నిలబడదు కూడా. దిమ్మెల మధ్య 2 నుంచి 5 మిల్లీమీటర్ల సందుల్లో కూరిన ఇసుక, ఒక దిమ్మె మీద పడిన భారాన్ని రాపిడితో పక్క దిమ్మెలకు పంచుతుంది. సందులో ఇసుక కొట్టుకుపోయిన పేవర్ల నేల కాలు పెడితే ఊగేది ఇందుకే. ఆ ఇసుకను నింపుడు సరుకని తేలిగ్గా తీసుకోకూడదు, నేలలో అదీ ఒక భాగమే.

ఈ తరహా దిమ్మెల పుట్టుక కూడా ఇదే మాట చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత నెదర్లాండ్స్‌లో కాల్చిన ఇటుకల కొరత వచ్చి, ఇటుక వీధులకు బదులుగా కాంక్రీటు దిమ్మెలు వాడుకలోకి వచ్చాయి. మెత్తటి, కుంగే నేల మీద వీధులు వేసుకోవలసిన దేశం అది. వీధి కుంగినప్పుడు దిమ్మెలు తీసి, ఇసుక సర్ది, అవే దిమ్మెలు తిరిగి పేర్చుకోవడం అక్కడివారికి కొత్తేమీ కాదు.

రాతి పలక సంగతి వేరు. రాయి నొక్కుడుకు ఎంత తట్టుకుంటుందో వంపుకు అంత తట్టుకోదు. గ్రానైట్‌కు ఏఎస్‌టీఎం ప్రమాణం అడిగే సంపీడన బలం 131 మెగాపాస్కల్స్, వంపు బలం మాత్రం 10 మెగాపాస్కల్స్ చిల్లర. అంటే పదమూడో వంతుకు కాస్త అటూ ఇటూ. కింద ఖాళీ ఉన్న పలక మీద బరువు పడినప్పుడు పై ముఖం నొక్కుకుంటుంది, అడుగు ముఖం సాగదీతకు గురవుతుంది. సాగదీత అంటే రాయికి బొత్తిగా గిట్టదు, కాబట్టి పగులు అడుగున మొదలై పైకి వస్తుంది, మన కంటికి కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది. ఇక్కడ మందానికి ఉన్న మహిమ చాలామంది ఊహకు అందదు. వంపును తట్టుకొనే శక్తి మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అందువల్ల 20 మిల్లీమీటర్ల పలక స్థానంలో 30 మిల్లీమీటర్లది వేస్తే రాయి ఒకటిన్నర రెట్లే పెరిగినా బలం రెండుంబావు రెట్లవుతుంది, 40 వేస్తే నాలుగు రెట్లవుతుంది. రాయి కొనేటప్పుడు రంగు గురించి గంటసేపు మాట్లాడి, మందం గురించి ఒక్క ప్రశ్న వేయకుండా బయటపడే కొనుగోలుదారులను, నాతో సహా, చాలామందిని చూశాను.

పైన చెప్పిన విభజనలో ఒక మెలిక ఉంది. రాయిని సడలు నేలగా వేయకూడదని ఎక్కడా లేదు. 50 మిల్లీమీటర్లకు తగ్గని మందంతో, అడ్డదిడ్డమైన ఆకారాల్లో ఉన్న బండలను కంకర మీద, ఇసుక మీద నేరుగా పరుచుకోవచ్చు. నాలుగు పక్కలా చెక్కిన 100 మిల్లీమీటర్ల రాతి దిమ్మెలైతే అచ్చం పేవర్ల మాదిరిగానే ప్రవర్తిస్తాయి. క్రీ.పూ. 312లో మొదలైన రోమన్ల అప్పియన్ మార్గం మీద పరిచిన నల్లటి అగ్నిశిలలు నేటికీ కొన్ని చోట్ల కనిపిస్తాయి. అవి పలచని పలకలు కావు, కింద పొరలు పొరలుగా వేసిన పునాది మీద దిగవేసిన మొద్దు బండలు. రాయి చిరకాలం నిలుస్తుందని చెప్పడానికి ఆ మార్గాన్ని ఉదాహరణగా చూపిస్తూ 20 మిల్లీమీటర్ల పలకలు అమ్మడం కొంచెం గడుసుతనమే.

కాబట్టి ముందు నేల. ఈ భాగం మీద ఎక్కువ నిలబడుతున్నాను, ఎందుకంటే ఖర్చు తగ్గించుకోవాలనుకొనే ప్రతివారూ కోత పెట్టేది ఇక్కడే. పేవర్లకు పైమట్టిని, అందులోని వేళ్లతో సహా, తీసివేసి గట్టి నేల తగిలేదాకా తవ్వాలి. కాలినడకకు మాత్రమే వాడే చోట 100 నుంచి 150 మిల్లీమీటర్ల కంకర పొర, దాని మీద 25 మిల్లీమీటర్ల ఇసుక, ఆపైన 60 మిల్లీమీటర్ల దిమ్మె అనుకుంటే తవ్వవలసిన లోతు 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కల తేలుతుంది. ఆ కంకర అంతా ఒకే సైజు కాకుండా పెద్ద ముక్కలు, చిన్న ముక్కలు, పొడి కలిసినదై ఉండాలి, అప్పుడే ఒకదాని సందులో ఒకటి ఇరుక్కొని బిగుస్తుంది. దాన్ని ఒక్కసారిగా పోసి పైపైన దిమ్మిస కొడితే పై రెండంగుళాలు బిగిసి కింద వదులుగానే ఉంటుంది. 100 మిల్లీమీటర్లకు మించని పొరలుగా పోసి, కొద్దిగా తడిపి, ఒక్కో పొరనూ కంపన యంత్రంతో అదమాలి. బంకమట్టి నేల అయితే మట్టికీ కంకరకూ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే కంకర మట్టిలోకి దిగిపోకుండా ఆపుతుంది.

ఇసుక పొర దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. కంకర ఎగుడుదిగుడుగా వస్తే దాన్ని సరిచేయడానికి బద్ధకించి, పల్లం ఉన్న చోట ఇసుక మందంగా పోసి పైన సమం చేస్తారు. ఆ రోజు రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమిలోనే నిలుస్తుంది. ఆరు నెలలకు ఆ మందపాటి ఇసుక అణిగి, కంకరలో ఉన్న పల్లం అచ్చుగుద్దినట్టు పైకి తేలుతుంది. ఇసుక అన్ని చోట్లా ఒకే మందాన ఉండాలి, వాటం కంకరలోనే తీర్చాలి. ఇసుకకు బదులు రాతిపొడి వాడితే అది నీటిని పట్టి ఉంచి మెత్తబడుతుంది, చవకగా వస్తుందని ఒప్పుకోకూడదు. ఇక అంచులు. సడలు నేలకు చుట్టూ గట్టి అంచు కట్టకపోతే దిమ్మెలు ఏడాది తిరిగేసరికి బయటికి జరిగి, సందులు విచ్చుకొని, ఇసుక జారిపోతుంది. ఆ అంచు కూడా కంకర మీద కూర్చోవాలి కాబట్టి కంకర పొరను దిమ్మెల హద్దు దాటి మరో 100, 150 మిల్లీమీటర్లు బయటికి పోయాలి.

బిగువు నేలగా రాయి వేసేవారికి కంకర మీద 100 మిల్లీమీటర్ల కాంక్రీటు పడుతుంది. కాంక్రీటు ఎండకు వ్యాకోచించి చల్లదనానికి ముడుచుకుంటుంది కనుక దానిలో కావాలనే సందులు విడిచిపెడతారు. ఆ సందు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే పైన రాతిలోనూ సందు రావాలి, దాన్ని సిమెంటుతో కాక సాగే మసాలాతో నింపాలి. అలా చేయకుండా సందు మీదుగా పలక అతికిస్తే, పలక ఆ గీత వెంబడి తనంత తానే సందు చేసుకుంటుంది. పలక అడుగంతా నిండుగా సిమెంటు పట్టించాలన్నది మా ఇంటి అనుభవం చెప్పనే చెప్పింది. పరిచిన మర్నాడు ప్రతి పలకనూ సుత్తి పిడితో తట్టి చూడండి. నిండుగా కూర్చున్నది ఒక రకంగా మోగుతుంది, బోలుగా ఉన్నది కుండ మోగినట్టు గుల్లగా మోగుతుంది. మేస్త్రి ఇంకా అక్కడ ఉండగానే ఆ పని చేయడం మంచిది.

సహజశిల అన్న మాటే పోలికను చెడగొడుతుందని నా అభిప్రాయం. పేవర్ అన్నప్పుడు కొంత తేడాతో ఒకే జాతి సరుకు గురించి మాట్లాడుతున్నాం. సహజశిల అన్నప్పుడు ఒకదానితో ఒకటి సంబంధం లేని అరడజను పదార్థాల గురించి మాట్లాడుతున్నాం. నీరు పీల్చడాన్నే కొలబద్దగా తీసుకుంటే, ఏఎస్‌టీఎం ప్రమాణాల్లో గ్రానైట్‌కు గరిష్ఠ పరిమితి 0.4 శాతం, ఆరుబయట వాడే పలకరాయికి 0.25 శాతం, క్వార్ట్‌జైట్‌కు 1 శాతం. మామూలు ఇసుకరాయికి అది 8 శాతం. సున్నపురాయిని సాంద్రతను బట్టి మూడు తరగతులు చేసి 3, 7.5, 12 శాతాలుగా పెట్టారు. బలం చూసినా అంతే. అన్నిటికన్నా తేలికపాటి తరగతి సున్నపురాయికి 12 మెగాపాస్కల్స్ చాలు, గ్రానైట్‌కు 131 కావాలి, 55 దగ్గర ఉన్న పేవర్ ఆ రెండింటి నడుమ నిలుస్తుంది. కాబట్టి పేవర్ కన్నా రాయి గట్టిదన్న మాటా నిజమే, కాదన్న మాటా నిజమే, ఏ రాయి అన్నది చెప్పాలి. పైగా రాతి వ్యాపారంలో పేర్లు సడలుగా తిరుగుతాయి. నల్ల గ్రానైట్ పేరుతో అమ్మేది భూగర్భశాస్త్రం లెక్కన చాలాసార్లు గాబ్రో, డాలరైట్ వంటి వేరే జాతి అగ్నిశిల అవుతుంది. అది చెడ్డ రాయేమీ కాదు, కానీ పేరును నమ్మి కొనకూడదనడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

పేరును నమ్మలేనప్పుడు చేతిలోని ముక్కను నమ్ముకోవాలి. నమూనా ముక్కను ఇంటికి తెచ్చుకొని నాలుగు పరీక్షలు చేసుకోవచ్చు, వీటికి ప్రయోగశాల అక్కరలేదు. ముక్క మీద చెంచాడు నీళ్లు పోసి, పది నిమిషాల తరువాత తుడిచి చూస్తే, రంగు మారకుండా ఉన్న రాయి నీరు తాగనిది, ముదురు మచ్చ పడినది తాగేది. మరో మూల నిమ్మరసం చుక్క వేస్తే, అది సన్నగా నురగ కక్కినా, ఆరాక మెరుపు పోయి తెల్లబారినా అందులో కాల్సైట్ అనే సున్నపు ఖనిజం ఉన్నట్టు. సున్నపురాయి, పాలరాయి, ట్రావర్టైన్ ఈ కోవలోవి, పులుపు తగిలే చోట, ఆమ్లంతో కడిగే చోట ఇవి పనికిరావు. మూడోది చాకు మొన. కాల్సైట్ కాఠిన్యం మోస్ కొలతలో 3, మామూలు ఉక్కు చాకుది 5.5 ప్రాంతం, క్వార్ట్‌జ్‌ది 7. గీత రాయి మీద పడిందా, రాయే చాకును అరగదీసి లోహపు మరక మిగిల్చిందా అన్నది వేలితో రుద్దితే తెలిసిపోతుంది. చివరిది మోత. పలకను ఒక మూల పట్టుకొని వేలాడదీసి సుత్తి పిడితో కొడితే, లోపం లేని రాయి ఖంగుమంటుంది, లోపల పగులో మెత్తటి పొరో ఉన్నది డబ్‌మని మొద్దుగా మోగుతుంది.

పొరల మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. ఇసుకరాయి, పలకరాయి వంటివి పుట్టుకతోనే పొరలు గలవి. వాటిని ఆ పొరలు నేలకు సమాంతరంగా ఉండేలా పరచాలి. నీరు పొరల మధ్యకు దిగి గడ్డకట్టే చల్లటి చోట్ల మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఏటేటా అలా ఉబ్బి ఉబ్బి అప్పడం పొరల్లా రాతిని లేపుతుంది. గడ్డకట్టని చోట్ల ఈ బెడద ఉండదు, అక్కడ నీరు ఎక్కువ పీల్చే రాయి తెచ్చిపెట్టే చిక్కు మరకలు, పాచి.

పేవర్ల దగ్గర మోసపోయే అవకాశం తక్కువే కానీ లేకపోలేదు. రంగు దిమ్మె అంతటా ఉందా, పైన సెంటీమీటరు లోపు పొరలోనే ఉందా అన్నది విరిగిన దిమ్మెను చూస్తే తెలుస్తుంది. పై పొర పద్ధతి చెడ్డదని కాదు, ఆ పొరలో సన్నటి గట్టి కంకర వాడి నునుపు తెచ్చే మంచి తయారీదారులూ ఉన్నారు. రంగు వెలిసిపోతుందన్న ఫిర్యాదు మాత్రం సగం నిజం. అందులో కలిపే ఇనుప ఆక్సైడు రంగులు ఎండకు వెలవవు. పైనున్న సన్నటి సిమెంటు చర్మం అరిగి, లోపలి ఇసుక, కంకర రేణువుల సొంత రంగు బయటపడటం వల్ల నేల పాలిపోయినట్టు కనిపిస్తుంది. రాయి అరిగితే లోపల ఉన్నదీ అదే రాయి. పదేళ్ల తరువాత రెండింటి మధ్య కంటికి తెలిసే తేడా ఏదైనా ఉందంటే ఇదే, రాయి వైపు నా మనసు మొగ్గేదీ ఇక్కడే. రంగు అస్సలు మారకూడదనుకొనేవారికి కాల్చిన బంకమట్టి పేవర్లున్నాయి, వాటి రంగు మట్టిదే కనుక పోయేది కాదు.

కొత్త పేవర్ల మీద కొద్ది వారాల్లో తెల్లటి పూత తేలితే సరుకు కల్తీ అని కంగారు పడతారు. సిమెంటు గట్టిపడేటప్పుడు మిగిలే సున్నం తేమతో పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా పేరుకోవడమే అది. గోడకు చౌడు పట్టినట్టు కనిపించినా దీనివల్ల బలానికి లోటు లేదు, వానలకూ వాడకానికీ మెల్లగా పోతుంది. చేయకూడని పని ఒక్కటే, ఆ పూత పోకముందే పైన సీలర్, అంటే నీరూ మరకలూ దిగకుండా పూసే ద్రవం, కొట్టడం. అప్పుడు ఆ తెలుపు లోపలే బందీ అయిపోతుంది.

నీటి వాటం దగ్గర రాయికీ పేవర్‌కూ తేడా కొంచెమే. నునుపు ముఖం ఉన్నదానికి 80కి 1, గరుకు ముఖం ఉన్న బండకు 60కి 1 వాలు సరిపోతుంది. నాలుగు మీటర్ల వెడల్పున్న పాటియో అయితే ఇంటి వైపు అంచు కన్నా అవతలి అంచు మొదటి లెక్కన 50, రెండో లెక్కన సుమారు 67 మిల్లీమీటర్లు కిందికి ఉండాలన్నమాట. ఈ వాలు ఇంటికి దూరంగా పోవాలి. పూర్తయిన నేల ఇంటి గోడలోని చెమ్మ నిరోధక పొర కన్నా 150 మిల్లీమీటర్లు దిగువనే ఉండాలి, లేకపోతే వాన చినుకుల చిందు గోడలోకి చెమ్మ ఎక్కిస్తుంది. సందుల్లో ఇసుకకు బదులు సన్న చిప్స్, కింద పొడి లేని కంకర వేసి నీరు నేలలోకే ఇంకేలా చేసే పేవర్ల పద్ధతి కూడా ఉంది, నీరు బయటికి పంపే దారి లేని పెరళ్లకు ఇది చక్కగా పనికొస్తుంది. అయితే ఇంటి పునాదిని ఆనుకొని అలా ఇంకించడం తగదు.

జారుడు విషయంలో ఒక్క మాటలో తేల్చేయవచ్చు: ఆరుబయట పాలిష్ రాయి వద్దు. గ్రానైట్‌నే మంట పట్టించి, పై స్ఫటికాలు చిట్లి గరుకెక్కేలా చేసినది దొరుకుతుంది. పొరల వెంబడి చీల్చిన ఇసుకరాయి, పలకరాయి సహజంగానే గరుకుగా ఉంటాయి. జారుడును కొలిచే లోలకపు పరీక్షలో, తడి ముఖం మీద, 36 లేదా అంతకు పైన విలువ వస్తే జారే ప్రమాదం తక్కువని బ్రిటన్‌లో లెక్కిస్తారు. మామూలు పేవర్లకు ఈ చిక్కు రాదు. నీడపట్టున పాచి పట్టనిస్తే మాత్రం గరుకు రాయీ పేవరూ రెండూ జారేవే. వేడికి వస్తే, రాయా కాంక్రీటా అన్నదానికన్నా రంగు ముఖ్యం. ముదురు రంగుది ఏదైనా కాలుతుంది. నమూనాలను మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఉంచి చెప్పులు లేకుండా నిలబడి చూస్తే నిర్ణయం మీ పాదాలే చెబుతాయి.

సందుల్లో గడ్డి మొలవడం సడలు నేల మీద మోపే పెద్ద నేరం. ఆ గడ్డి కింది నుంచి రాదు. గాలికి వచ్చిన దుమ్ము సందుల పైభాగాన చేరి, అందులో విత్తనం పడి మొలుస్తుంది, కాబట్టి కింద ప్లాస్టిక్ పరిచి లాభం లేదు, నీరు ఇంకకుండా అడ్డుపడటం తప్ప అది చేసేదేమీ ఉండదు. అప్పుడప్పుడు చీపురుతో ఊడ్వడమే అసలు మందు. నీళ్లు చల్లితే గట్టిపడే పాలిమర్ ఇసుక వాడితే గడ్డీ చీమలూ తగ్గుతాయి, కానీ అది చల్లే రోజు దిమ్మెలు పూర్తిగా పొడిగా ఉండాలి, నీళ్లు పట్టే ముందు పైన నలుసు కూడా మిగలకుండా ఊడ్వాలి. మిగిలితే ఆ నలుసు తెల్లటి పొగమంచులా అతుక్కుపోతుంది.

రాతి మీద మచ్చలు రెండు దారుల్లో వస్తాయి. పై నుంచి పడే నూనె, ఆకుల కషాయం మనకు తెలిసినవే. లేత రంగు రాయికి అడుగు నుంచి వచ్చే మచ్చ ఎక్కువ బాధిస్తుంది. సిమెంటులోని తేమ, లవణాలు పీల్చుకొని పలక అంచులు చిత్రపటం చుట్టూ చట్రం కట్టినట్టు నల్లబడతాయి, ఐదు ముద్దల పద్ధతిలో అతికిస్తే ఆ ఐదు మచ్చలూ పైకి తేలతాయి. కొన్ని రాళ్లలో ఉండే పైరైట్ వంటి ఇనుప ఖనిజాలు వానకు తుప్పు మరకలు పోస్తాయి, వాటిని వదిలించాలని ఆమ్లం పోస్తే ఇంకా ఎక్కువవుతాయి. సీలర్ వాడదలిస్తే లోపలికి ఇంకి ఆవిరిని బయటికి వదిలే రకం మేలు, పైన పొరలా నిలిచేది తేమను పట్టేసి తెల్లబడి పెచ్చులూడుతుంది.

ఖర్చు లెక్కలో సరుకు ధర ఒక భాగం మాత్రమే. 900కు 600, 25 మిల్లీమీటర్ల మందం గల గ్రానైట్ పలక ఒక్కటే 36 కిలోల పైచిలుకు తూగుతుంది, దాన్ని ఇద్దరు మనుషులు మోసి, మెల్లగా దించి, సరిగా కూర్చోకపోతే మళ్లీ లేపి సర్దాలి. మందం ఒకేలా ఉండని చీల్చిన బండలైతే ఒక్కో దానికీ సిమెంటు వేరు వేరు ఎత్తులో వేయాలి. అదే కొలతకు రంపంతో కోసి మందం సరిచేసిన రాయి ధర ఎక్కువైనా కూలి తగ్గి చాలావరకు సమానమవుతుంది. పేవర్ చదరపు మీటరు బరువు 60 మిల్లీమీటర్ల మందానికి 138 కిలోల దాకా ఉన్నా, దిమ్మెలు ఒక్కొక్కటీ ఒంటి చేతికి వచ్చేవి కనుక ఇంటివారే ఓపికగా వేసుకోగలరు. రాయినైనా పేవర్‌నైనా కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్ అనే జబ్బు నయం కాదు. నీళ్లు పోస్తూ కోయించండి, కోసేవారికి తగిన మాస్కు ఉందో లేదో చూడండి. పర్యావరణం సంగతి రెండు మాటల్లో చెప్పాలంటే, ప్రపంచ కార్బన్ డయాక్సైడు ఉద్గారాల్లో సిమెంటు తయారీ వాటా సుమారు 7, 8 శాతం. రాయికి కాల్చే పని లేదు, కానీ దూరం నుంచి మోసుకొస్తే, పైగా కింద కాంక్రీటు పోస్తే, ఆ మేలు కరిగిపోతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే నా మొగ్గు ఇలా ఉంటుంది. ఇల్లు కొత్తదై, చుట్టూ నింపిన మట్టి ఇంకా కుదురుకోకపోతే, నేల బంకమట్టిదై తడికి ఉబ్బి ఎండకు బీటలు వారేదైతే, కింద నుంచి నీటి గొట్టాలో మురుగు గొట్టాలో పోతుంటే, పేవర్లు గానీ మందపాటి రాతి దిమ్మెలు గానీ సడలు నేలగా వేసుకోవడం తెలివైన పని. గొట్టం పగిలిన రోజున బిగువు నేలను పగలగొట్టాలి, సడలు నేలను విప్పాలి. నేల కుదురుకొని, చోటు చిన్నదై, ఏళ్లు గడిచేకొద్దీ అందం పెరిగే నేల కావాలనుకుంటే రాయి వేసుకోండి, మందంలో రాజీపడకండి. ఈ రెండింటికీ మధ్య, 25 మిల్లీమీటర్ల లోపు పలకలను కాంక్రీటు లేకుండా ఇసుక మీద పరచడం అనే మూడో దారి చవకగా కనిపిస్తుంది. దాని జోలికి మాత్రం పోవద్దు.

ఏది ఎంచుకున్నా సరుకు ఒకేసారి తెప్పించి, మూడు నాలుగు కట్టల నుంచి కలగలిపి పరిపిస్తే రంగు తేడాలు గళ్లు గళ్లుగా కాకుండా సహజంగా కలిసిపోతాయి. కొన్ని దిమ్మెలో పలకలో అదనంగా తీసుకొని పెట్టుకోవాలి, ఎందుకంటే అదే రంగు మళ్లీ దొరుకుతుందని తయారీదారూ చెప్పలేడు, క్వారీ యజమానీ చెప్పలేడు. వాటిని జాగ్రత్తగా గోతంలో చుట్టి సామాన్ల గదిలో దాచేవారే ఎక్కువ. నేనూ అలాగే దాచాను. పగిలిన గ్రానైట్ పలక స్థానంలో ఆ దాచిన పలకను పెట్టినప్పుడు అడుగంతా సిమెంటు నిండుగా పట్టించాం, మోత కూడా సరిగ్గా వచ్చింది, కానీ ఎండా వానా ఎరుగని ఆ ఒక్కటీ పాత పంచెకు వేసిన కొత్త మాసికలా, పాతవాటి నడుమ మెరుస్తూ నిలబడింది. ఇప్పుడు మిగిలిన మూడు పలకలనూ పెరటి గోడకు చేరవేసి, మిగతా వాటితో పాటే తడవనిస్తున్నాను.